సాంచాల హోరులో ఓ ఐరిష్ గొంతు

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి సోలాపూర్. మధ్యలో జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్. కిటికీలోంచి చూస్తుంటే దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తెలుగు నుంచి కన్నడంలోకి, కన్నడం నుంచి మరాఠీలోకి మారిపోతుంటాయి. మచిలీపట్నం నుంచి పుణె దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇది. మా సిరిసిల్ల వైపు నుంచి సాలోళ్ల కుటుంబాలు బతుకుదెరువుకు పడమటికి పోయిన దిక్కు కూడా ఇదే. మా ముత్తాత తమ్ముడు ఆసు, నాడె మూట గట్టుకుని పోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. నేను మాత్రం ఫోన్‌లో రెండు వందల పాటలు మూటగట్టుకుని బయల్దేరాను. ఒక్కటీ తెలుగు పాట కాదు. గ్లాస్గోలో మూడేళ్లు ఉద్యోగం చేసి తెచ్చుకున్న రోగమది: ఐరిష్, స్కాటిష్ పాటలు.

జోడ్‌భావి పేట్ అంటే జోడు బావుల పేట. మరాఠీవాళ్లు బావిని విహీర్ అంటారు. బావి అన్న మాట మనదీ, కన్నడిగులదీ. పేరులోనే రెండు మూడు భాషలు ఇమిడిన పేట అన్నమాట. ఆ బావులెక్కడని ఆటోవాణ్ణి అడిగితే ఒక దిక్కు, టీ కొట్టు మనిషిని అడిగితే ఇంకో దిక్కు చూపించారు. ఇళ్ల ముందు బోర్డులు దేవనాగరిలో ఉంటాయి, చదివితే మన ఇంటిపేర్లు. సందులోకి తిరగ్గానే చెవికి తగిలేది మాత్రం ఏ భాషా కాదు. ధడక్ ధడక్ ధడక్. మా సిరిసిల్లలో సాంచా అంటాం, ఇక్కడ యంత్రమాగ్ అంటారు, బోర్డు మీద పవర్‌లూమ్ అని ఉంటుంది. పేరేదైనా చప్పుడు ఒకటే.

మా మేనత్త ఇంటి ముందు గదిలో ఆమె బీడీలు చుడుతుంది. వెనక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు టర్కీ తువ్వాళ్లు నేస్తాయి. దాన్ని కార్ఖానా అంటారు. సోలాపూర్ చాదర్‌కూ, సోలాపూర్ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు ఉందని షెడ్డు గోడకు ఒక కాగితం అతికించి ఉంది. దాని మీద నూనె మరకలు. నేను పోయేసరికి అత్త ఒళ్లో చేట, చేటలో పొగాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. తల ఎత్తకుండానే, "వచ్చినవా అల్లుడా? చాయ్ తాగుతవా, భాకరి తింటవా?" అంది. రెండూ అన్నాను. కడక్ భాకరి విరుచుకుని పల్లీల చట్నీ, పెరుగు నంజుకుంటుంటే బావ కొడుకు కార్ఖానాలోంచి వచ్చాడు. ఇరవై రెండేళ్లు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. దూది పీచు మీసాల మీద కూడా ఉంది.

"ఏం వింటున్నవ్‌రా?"

"రాక్, మామా. షెడ్ల అది తప్ప వేరేది వినపడదు." నా ఫోన్ తీసుకుని పాటల జాబితా మీద వేలు జరిపాడు. "ఇవేం పేర్లు? ఎక్కడ షురూ చెయ్యాలె?"

మూడు రోజులు ఈ ప్రశ్నకే సరిపోయాయి.

సెల్టిక్ సంగీతం అన్న పేరే ఒక దుకాణం బోర్డు. ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ, స్పెయిన్‌లోని గలీసియా, ఇన్ని ఊళ్ల సరుకు ఒక్క కొట్లో పెట్టి అమ్మే పేరు. వాళ్లలో వాళ్లకు పాట తీరు వేరు, భాష వేరు. ఎవరికైనా సిఫారసు చేసేటప్పుడు అందరూ పాతవాళ్ల నుంచి కొత్తవాళ్లకు వరస పెడతారు. జోడ్‌భావి పేట్‌లో ఆ లెక్క కుదరదనిపించింది. ఇక్కడ ఒక ఇంట్లోనే రెండు చెవులున్నాయి. ముందు గదిలో బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు తప్ప ఏమీ ఉండదు. పది అడుగులు వేస్తే పక్క మనిషి అరిచినా వినపడని షెడ్డు. అందుకని నేను వరసను చప్పుడును బట్టి పెట్టాను. ఏ పాటను ఎంత చప్పుట్లో వినాలో అంతలోనే వినిపించాలి.

మొదట ముందు గది. సేరా మేకమ్. ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్మా కౌంటీలో కీడీ అనే ఊరి మనిషి. 1900లో పుట్టింది, 1983లో పోయింది. అవిసె నార బట్టల మిల్లులో నేతపని చేసేది. తల్లి దగ్గర విని నేర్చిన పాటలు వందల్లో ఉండేవి. 1950ల్లో పాటలు సేకరించేవాళ్లు టేపు రికార్డర్లు మోసుకుని ఆమె వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. ఆమె పాడిన ఒక పాట బీబీసీ రేడియోలో జానపద కార్యక్రమానికి తొలి పలుకయింది. వాయిద్యం ఉండదు. గొంతులో గమకాల గొప్పలుండవు. పొయ్యి మీద ఏదో పెట్టి, దాని వంక చూస్తూ పాడినట్టు ఉంటుంది. అత్తకు ఒక పాట వినిపించాను. భాష తెలియదు కదా, ముఖం వంక చూశాను. చుట్టిన బీడీకి దారం కట్టి, "అమ్మగారింటి మీద బెంగ పెట్టుకున్నదా ఏంది?" అంది. ఆ పాటలో బెంగ ఉన్నది ప్రియుడి మీద. పెద్ద తేడా ఏమీ లేదులెమ్మని ఊరుకున్నాను.

ఇదే కోవలో ఇంకో గొంతు జో హీనీ. ఐర్లండ్ పడమటి తీరంలో కార్నా వాడు, 1919లో పుట్టాడు. ఐరిష్ భాషలో వాయిద్యం లేకుండా పాడే పాత పద్ధతికి పెద్ద దిక్కు. అలాంటివాడు న్యూయార్క్‌లో ఒక పెద్ద భవనం ముందు తలుపు తీసే కాపలాదారుగా ఏళ్లతరబడి పనిచేశాడు. చివరి రోజుల్లో సియాటిల్‌లో విశ్వవిద్యాలయం పిలిచి పాఠం చెప్పమంది. 1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే పెద్ద పురస్కారం ఇచ్చింది, 1984లో పోయాడు. ఆ పద్ధతి పాట పాడుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు పాడేవాడి చెయ్యి పట్టుకుని మెల్లగా ఊపుతారు. మేనల్లుడికి హీనీ ఎక్కలేదు. "మామా, ఇది మస్తు లాంబ్ ఉంది" అన్నాడు. ఇరవై రెండేళ్లకు నాకూ ఎక్కేవాడు కాదు.

సేరా కొడుకు టామీ మేకమ్. 1955లో అమెరికా పోయి, అక్కడ ప్రెస్సు కింద ఎడమచెయ్యి నలిగి పని పోగొట్టుకుని పాటలోకి వచ్చాడు. క్లాన్సీ అన్నదమ్ములు ముగ్గురితో కలిసి పాడాడు. న్యూయార్క్ చలికి పిల్లలు ఏమైపోతారోనని క్లాన్సీల తల్లి తెల్ల ఉన్ని స్వెట్టర్లు పంపిందట. అవే వేసుకుని వాళ్లు 1961లో ఎడ్ సలివన్ టీవీ షోలో పాడారు. ఆ తర్వాత ఆ స్వెట్టరే ఐరిష్ పాటకు గుర్తయిపోయింది. వీళ్లను తప్పకుండా వినమన్నాను. నలుగురు మగాళ్లు ఒకేసారి గొంతెత్తితే పెళ్లిపందిట్లో ఉన్నట్టుంటుంది. వీళ్లు పాడిన వాటిలో నేతగాళ్లు లేకపోతే లోకం బట్ట లేకుండా తిరిగేదని వేళాకోళంగా చెప్పుకునే పాట ఒకటుంది. స్కాట్లండ్‌లోని ఫార్ఫర్ ఊరి నేతగాడు డేవిడ్ షా రాసిన పాట. దాని సారం తెలుగులో చెప్పేసరికి మా బావ షెడ్డులోంచి వచ్చి నిలబడ్డాడు. "మళ్లా చెప్పు బావా" అన్నాడు. మళ్లీ చెప్పాను.

ఇక పెయిస్లీ గురించి చెప్పకుండా ఈ ఇంట్లో కూర్చోలేను. గ్లాస్గో నుంచి రైల్లో పదే పది నిమిషాలు. ఆదివారం ఏమీ తోచక పోయిన ఊరు. మన మామిడి పిందె డిజైన్‌ను లోకమంతా పెయిస్లీ అంటుంది. కాశ్మీరు శాలువాల మీది పిందెను 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరి సాలెవాళ్లు తమ మగ్గాల మీదికి ఎక్కించారు. తర్వాత జకార్డులు వచ్చాయి. పిందె మనది, పేరు వాళ్లది. అక్కడ పాత నేతగాడి ఇల్లొకటి ప్రదర్శనశాలగా ఉంచారు. మగ్గం, కాపురం ఒక్క కప్పు కిందే. గుంట మగ్గం కాదన్నమాటే కానీ, అది మా సిరిసిల్ల ఇల్లే.

ఆ ఊరి సాలెవాడే రాబర్ట్ టానహిల్. 1774లో పుట్టాడు. మగ్గం మీద కూర్చుని నాడె విసురుతూ పాట కట్టేవాడనీ, మగ్గం గుంజకు సిరాబుడ్డి తగిలించుకుని మాట తోచినప్పుడల్లా రాసుకునేవాడనీ చెబుతారు. 1810లో, ముప్పై అయిదో ఏట, కాలువలో పడి ప్రాణం తీసుకున్నాడు. కొండల్లోకి పోదాం రమ్మని పిల్లను పిలిచే అతని పాటొకటి ఉంది. నూటయాభై ఏళ్ల తర్వాత బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌పీక్ కుటుంబం చేతిలో అది ‘వైల్డ్ మౌంటెన్ థైమ్’ అయింది. ఇవాళ ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఏ కచేరీ అయినా చివర్లో జనమంతా కలిసి పాడేది అదే. దానికి మూలం మగ్గం అని చాలామందికి గుర్తుండదు. ఎవరి గొంతులో వినాలంటే, నేను డిక్ గాఖన్ అంటాను. 1981లో వచ్చిన అతని ‘హ్యాండ్‌ఫుల్ ఆఫ్ ఎర్త్’ ఆల్బమ్‌ కూడా మొత్తం వినాలి. ఆ మనిషి పాట పాడడు, కొడవలి పడతాడు.

పెయిస్లీలో అన్నింటికంటే నాకు నచ్చింది పాట కాదు, ఒక పోగు. శాలువాలో రంగుల పేకలన్నింటినీ పట్టి ఉంచడానికి మధ్యమధ్య ఒక సన్న నూలు పోగు వేస్తారు. పూర్తయిన శాలువాలో అది కంటికి కనబడదు. కనబడని పోగుకు కూలేమిటన్నారు యజమానులు. అది వెయ్యకపోతే శాలువా విడిపోతుందన్నారు నేతగాళ్లు. ఏళ్లతరబడి కొట్లాట జరిగింది. 1856లో సాలెవాళ్లు గెలిచారు. ఇప్పటికీ ప్రతి జూలైలో మొదటి శనివారం ఆ పోగు పేరు మీద ఊరేగింపు తీస్తారు. ఆనాడు నేతగాళ్లను పోగెయ్యడానికి మోగించిన డప్పును ముందు మోగిస్తూ నడుస్తారు. చివర యజమాని దిష్టిబొమ్మను తగలబెడతారు. నేనున్నప్పుడు పోయి చూశాను. వానలో తడిసి బొమ్మ సరిగా అంటుకోలేదు.

ఇది చెబుతుంటే అత్త మొదటిసారి చేట పక్కన పెట్టింది. "మాకు గూడ గంతే గద. వెయ్యి చుట్టి తీస్కపోతే బాగలేవని కొన్ని పక్కకు తీస్తరు. వాటికి పైస రాదు. ఆకు, జర్దా మాత్రం మన లెక్కల పడతది." పెయిస్లీ వాళ్లు గెలిచారా అని మళ్లీ అడిగింది. గెలిచారన్నాను. "మంచిగైంది" అని చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. బీడీలు చుట్టేది ఎవరింట్లో అయినా ఒకటే, మాటలకు తోడుంటుందని చేరతారు. వాళ్లు చేరగానే నాకు హెబ్రిడీస్ దీవుల ఆడవాళ్లు గుర్తొచ్చారు. స్కాట్లండ్‌కు పడమట సముద్రంలో ఉన్న ఆ దీవుల్లో ఉన్నిబట్ట నేశాక దాన్ని తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, అందరూ ఒక్కసారే బాదుతూ పక్కవాళ్ల వైపు జరుపుతారు. బట్ట దగ్గరపడి మెత్తబడాలి. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అర్థం లేని ఊతపదాలతో వంత పాడతారు. ఆ చేతుల దెబ్బే తాళం. ఒకే బైఠకులో పాడిన పాట మళ్లీ పాడితే అశుభమంటారు. అందుకే వాళ్ల దగ్గర అన్ని పాటలు పోగుపడ్డాయేమో. బట్టను దేనితో తడుపుతారని ఒకావిడ అడిగింది. నిజం చెప్పక తప్పలేదు: నిలవ ఉంచిన మూత్రంతో. రంగు నిలబడటానికి అది కావాలి. గదంతా నవ్వులు, ఛీఛీలు. "గందుకే గట్టిగ పాడిండ్రు, వాసన మర్శిపోనీకె" అంది అత్త.

ఆ పాటలు వినిపించాను. రెండో చరణానికి ఒకావిడ వేలు చేట అంచు మీద ఆడటం మొదలైంది. నాయకురాలు ఒక వరస, గుంపు ఒక వంత. బతుకమ్మ దగ్గర ‘ఉయ్యాలో’ ఏం పని చేస్తుందో ఆ ఊతపదాలూ అదే పని చేస్తాయి. ముందు పాడే ఆమెకు తరవాతి వరస గుర్తు తెచ్చుకునే వ్యవధి ఇస్తాయి. సోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగువాళ్లు వందేళ్లు దాటినా బతుకమ్మ ఆడుతూనే ఉన్నారు, ఇది వాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ తీరు పాటకు నేనిచ్చే పేర్లు మూడు. బారా దీవిలో పుట్టిన ఫ్లోరా మెక్‌నీల్, 1951లో అమెరికన్ సేకర్త ఏలన్ లోమాక్స్ ఆమె పాటలు టేపు మీదికి ఎక్కించాడు. నార్త్ యూయిస్ట్ దీవి నుంచి జూలీ ఫౌలిస్, 2012లో వచ్చిన ‘బ్రేవ్’ సినిమాలో వినపడే గొంతు ఆమెదే. మూడోది కేపర్‌కెయిలీ బృందం. నాలుగు వందల ఏళ్ల నాటి ఇలాంటి బట్ట బాదే పాటకు వీళ్లు గిటార్లు, కీబోర్డులు తగిలిస్తే 1992లో అది బ్రిటన్ మొదటి నలభై పాటల్లోకి ఎక్కింది. స్కాటిష్ గేలిక్ భాషలో ఒక పాట అక్కడికి చేరడం అదే మొదలు. గాయని కేరెన్ మేథిసన్ గొంతు మంచినీళ్ల మీద మంచు పలక జారినట్టు ఉంటుంది.

ఇప్పుడు బట్ట బాదే పని యంత్రానిది. మగ్గం మాత్రం ఇంకా మనిషిదే. హారిస్ ట్వీడ్ అని పేరు పెట్టాలంటే ఆ దీవుల్లోనే, నేతగాడి ఇంట్లోనే, చేతిమగ్గం మీదే నెయ్యాలని 1993లో పార్లమెంటు చట్టం చేసింది. మనకూ 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది. దాని సంగతి బావను కదిపితే సాయంత్రమంతా అదే అవుతుంది కాబట్టి కదపలేదు.

తరవాతిది బృందాల కాలం. దీన్ని త్వరగా దాటేస్తాను. ఎందుకంటే ఇక్కడ తప్పు చెయ్యడం కష్టం, ఎవరిని విన్నా బాగుంటుంది. 1962లో పాడీ మొలోనీ మొదలుపెట్టిన చీఫ్టెన్స్. 1972 నాటి ప్లాంక్స్‌టీ. 1975 నాటి బోథీ బ్యాండ్, వీళ్ల వేగానికి కుర్రాళ్లు పడిపోతారు. వీళ్లందరి దగ్గరా ఉండే వాయిద్యం గురించి ఒక్క మాట. ఐరిష్ ‘ఇల్లన్ పైపులు’ నోటితో ఊదేవి కావు. మోచేతి కింద చిన్న కొలిమితిత్తి పెట్టుకుని గాలి కొడతారు. ఇల్లన్ అంటేనే మోచెయ్యి. మన వీధి భాగోతాల్లో శ్రుతికి మేకతోలు తిత్తి పట్టేవాళ్లు కదా, దానికి సన్నాయి తగిలించినట్టు ఊహించుకోండి. బౌరాన్ అనే వాళ్ల మేకతోలు వాయిద్యం చూసి మావాడు, "మామా, ఇది డప్పే" అన్నాడు. డప్పే. రెండు కొసలున్న చిన్న పుల్లతో కొడతారు, అంతే తేడా.

ఆ సాయంత్రం ఇద్దరం నడిచి చార్ హుతాత్మా చౌక్ దాకా పోయాం. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా. 1930 మేలో ఈ ఊరు తెల్లవాణ్ణి ధిక్కరిస్తే మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న ఈ నలుగుర్నీ యరవాడ జైల్లో ఉరితీశారు. అక్కడ నిలబడి నేను కెవిన్ బారీ గురించి చెప్పాను. 1920లో డబ్లిన్ జైల్లో ఉరితీసిన పద్దెనిమిదేళ్ల వైద్య విద్యార్థి. అతని మీద కట్టిన పాటను డబ్లినర్స్ బృందం పాడింది, అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కూడా పాడాడు. మావాడు విగ్రహాల వంక చూసి, "వీళ్ల మీద గూడ మరాఠీల పాటలున్నయ్, బళ్లె నేర్పిండ్రు" అన్నాడు. ఇయర్‌ఫోన్ ఒకటి వాడి చెవిలో, ఒకటి నా చెవిలో. దారిలో జూనీ మిల్లు సంగతి వచ్చింది. 1870ల్లో లేచిన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు. 1949లో మూతపడితే ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి న్యాయశాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది. తెలుగువాళ్లు వేలల్లో సోలాపూర్ చేరింది ఇలాంటి మిల్లుల్లో పనికే. ఇప్పుడు ఆ మిల్లులు లేవు.

మిల్లు మూతపడ్డ ఊరి పాట కావాలంటే ప్లాంక్స్‌టీ 1983 ఆల్బమ్‌లో ‘ఏరగన్ మిల్’ వినాలి. అమెరికాలో జార్జియా రాష్ట్రపు నూలుమిల్లు మీద సై కాన్ రాసిన పాట. ఐర్లండ్‌వాళ్లు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే ఫ్యూరీ సోదరులు ‘బెల్‌ఫాస్ట్ మిల్’ అని పేరే మార్చి పాడారు. మిల్లు ఎక్కడిదైతేనేం, చప్పుడు ఆగిపోయాక వీధిలో గాలి మాత్రమే వినపడటం అందరికీ తెలుసు.

మూడో రోజు షెడ్డు. ఇక్కడ సేరా మేకమ్ పనికిరాదు. పాట యంత్రం కంటే బలంగానైనా ఉండాలి, యంత్రంతో కలిసిపోయేలాగైనా ఉండాలి. డండీలో జనపనార మిల్లుల ఆడవాళ్లు ఈ హోరులో వినికిడి పోగొట్టుకుని పెదాల కదలికా, చేతి సైగలతోనే మాట్లాడుకునేవారు. ఆ మిల్లుల్లో పనిచేసిన మేరీ బ్రూక్స్‌బ్యాంక్ కమ్యూనిస్టు, జైలుకు పోయిన మనిషి. కూలి చాలక, మిల్లు వేగం తట్టుకోలేక వేసారిన కార్మికురాలి మాటలతో ఆమె కట్టిన పాట తాలూకు వరసలు ఇప్పుడు స్కాట్లండ్ పార్లమెంటు గోడ మీద చెక్కి ఉన్నాయి. పాడుకున్నది మాత్రం పని దిగాకే. షెడ్డులో పాట పుట్టదు, షెడ్డు మీద పుడుతుంది.

రాక్ వచ్చాక లెక్క మారింది. కరెంటు యంత్రానికే కాదు, పాటకూ వచ్చింది. 1973లో డబ్లిన్ కుర్రాళ్లు హార్స్‌లిప్స్ ఐర్లండ్ పురాణగాథ ‘తాన్’ను రాక్ ఆల్బమ్ చేశారు. అందులో ‘డార్గ్ డూమ్’ పాటకు గిటార్ మోత పాత యుద్ధపు నడక వరస నుంచి తీసుకున్నదే. స్కై దీవి నుంచి రన్‌రిగ్, గేలిక్‌లో రాక్ పాడారు. రన్‌రిగ్ అంటే పొలాన్ని పట్టీలుగా పంచుకుని సాగుచేసే పాత పద్ధతి. 1973లో మొదలై 2018లో స్టర్లింగ్‌లో ఆఖరి కచేరీ చేసి సెలవు తీసుకున్నారు. బ్రిటనీ నుంచి ఏలన్ స్తీవెల్, వాళ్ల నాన్న చేత్తో చేసిచ్చిన చిన్న హార్ప్ పట్టుకుని 1972లో పారిస్ ఒలింపియాలో విద్యుత్ గిటార్లతో కలిపి వాయించాడు. అమెరికా నుంచి డ్రాప్‌కిక్ మర్ఫీస్, ఫ్లాగింగ్ మోలీ. మావాడు మర్ఫీస్‌ను ఎనిమిది సాంచాల మధ్య నిలబడి విన్నాడు. "భారీ!" అని అరిచాడు, నాకు పెదాలు మాత్రమే కనబడ్డాయి.

వీళ్లందరిలో ఆ ఇంటికి తగినవాళ్లు పోగ్స్ అని నా తీర్పు. 1982లో లండన్‌లో పుట్టిన బృందం. పాటలు రాసి పాడిన షేన్ మగోవన్ పుట్టింది ఇంగ్లండ్‌లో, అమ్మానాన్నలు ఐరిష్. చిన్నప్పుడు టిపరేరీలో అమ్మమ్మవైపు వాళ్లింట్లో విన్న పాటల్ని లండన్ కుర్రాడి కోపంతో పాడాడు. 2023 నవంబరులో పోయాడు. పరాయి ఊళ్లో పుట్టి, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే పిల్లవాడి పాట ఎలా ఉంటుందో ఈ పేటవాళ్లకు విడమరచనక్కర్లేదు. వాళ్లు పాడిన ‘డర్టీ ఓల్డ్ టౌన్’ మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్ మీద రాసింది. మిల్లులు, గ్యాసు ఫ్యాక్టరీ, మురికి కాలువ. రాసిన ఈవన్ మెకాల్ కూడా అక్కడికి వలసొచ్చిన స్కాటిష్ తల్లిదండ్రుల బిడ్డే. ఐరిష్ పాటని లోకమంతా అనుకునే ఈ పాటలో ఐర్లండ్ ఊసే లేదు.

అయితే షెడ్డుకు అతికినట్టు సరిపోయింది ఇంకొకరు. లంకమ్, డబ్లిన్ బృందం, 2023లో ‘ఫాల్స్ లంకమ్’ అని ఆల్బమ్ తెచ్చారు. హార్మోనియం, పైపులు, ఫిడేలు కలిపి ఒకటే గంభీరమైన శ్రుతి ఎత్తి పట్టి, దాని మీద పాత చావుపాట పాడతారు. సాంచాలు నడుస్తుంటే ఆ శ్రుతి ఎక్కడ ఆగి మోటారు హోరు ఎక్కడ మొదలయిందో తెలియలేదు.

మంచు, సముద్రం, గుసగుసలు కలిపి అమ్మే మెత్తటి సెల్టిక్ సరుకు కూడా బోలెడుంది. మసాజ్ గదుల్లో, లిఫ్టుల్లో వినపడుతుంది. దాంతో మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పాను. క్లానాడ్ 1982లో ఐరిష్ భాషలో చేసిన ‘హారీస్ గేమ్’ ఒక్కటీ మినహాయింపు. మన వాసన కావాలంటే ఆఫ్రో కెల్ట్ సౌండ్ సిస్టమ్‌లో జానీ కల్సీ పంజాబీ ఢోలు కొడతాడు. షీలా చంద్ర 1992లో తెచ్చిన ఆల్బమ్‌లో తంబూరా శ్రుతి మీద మన ఆలాపనా, ఐరిష్ పాటా ఒకే పోగులా సాగుతాయి. ఆ ఆల్బమ్ పేరులోనే నేత ఉంది, పూర్వీకుల గొంతులు నేస్తున్నానని. అంతకు రెండు వందల ఏళ్ల ముందే ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో బ్యాండు మేళం విని, ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ వరసకు సంస్కృతంలో మీనాక్షిని కూర్చోబెట్టాడు. అది విని బావ నమ్మలేదు. రెండూ పక్కపక్కన వినిపిస్తే, "ఐతే వాళ్లే మన దగ్గర కొట్టేసిండ్రేమో" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. ఎనిమిది సాంచాలు ఒక్కసారే ఆగాయి. పక్క షెడ్డు, ఆ పక్క షెడ్డు, సందు మొత్తం. మూడు రోజులుగా లేని చప్పుళ్లన్నీ పైకి తేలాయి: ఎక్కడో కుక్కర్ విజిల్, కాకి, అత్త కత్తెర. మావాడి జేబులో ఫోన్ పాడుతూనే ఉంది. ఇయర్‌ఫోన్లు తీసేశాడు కాబట్టి బయటికే వినపడింది. జాబితా తిరిగి తిరిగి మళ్లీ మొదటికొచ్చినట్టుంది, సేరా మేకమ్. ఎవరూ కట్టెయ్యలేదు. షెడ్డు గుమ్మంలో బావ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఈమె మొన్న పాడిన ఆమెనే గద? ఏం పని చేసేటిదన్నవ్?" అత్త అడిగింది.

"మిల్లుల నేసేది అత్తా."

అత్త కాసేపు విన్నది. తెలంగాణలో బీడీ చుట్టేవాళ్లకు ప్రభుత్వం నెలనెలా పింఛన్ ఇస్తుందనీ, అదే పని చేసే సోలాపూర్ చుట్టాలకు రాదనీ మేం మొన్ననే మాట్లాడుకున్నాం. సిరిసిల్లలో ఉన్న చెల్లెలికి వస్తుంది, తనకు రాదు.

"మరి ఆమెకు పింఛన్ వచ్చేటిదా?"

కరెంటొచ్చింది. సాంచాలు ఒక్కొక్కటే అందుకున్నాయి.